రీలు ఎంత తిప్పాలో పాత కెమెరాకు ఎలా తెలుస్తుంది?

నెల్లూరు, ఒంగోలు వైపు పాత ఇళ్లల్లో అటక దులిపితే ఇత్తడి సామాను మధ్యలోంచి ఒక కెమెరా బయటపడటం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఎక్కువగా ఆగ్ఫా క్లిక్ 3, అప్పుడప్పుడు ఒక యాషికా, కాస్త కలిగినోళ్ల ఇల్లయితే రోలీఫ్లెక్స్. ఈ మధ్య కుర్రాళ్లు వాటిని శుభ్రంగా తుడిచి, ఆన్‌లైన్‌లో వాటికి సరిపోయే '120' రకం రీలు తెప్పించుకుని వేస్తున్నారు. చాలా సంతోషం. కానీ ఫిలిం కడిగి చూస్తే ఒక ఫోటో మీద ఇంకో ఫోటో ఎక్కి ఉంటుంది, లేదంటే పన్నెండు రావాల్సిన చోట తొమ్మిదే వస్తాయి, ఇంకొందరికైతే రీలు ఎక్కడా ఆగకుండా చివరిదాకా తిరిగిపోయి అసలేమీ పడదు. వెంటనే "కెమెరా పోయింది" అని మళ్లీ అటక ఎక్కించేస్తారు. చాలాసార్లు పోయింది కెమెరా కాదు. ఆ కెమెరా రీలును ఏ లెక్కన జరుపుతుందో తెలియక, దానికి అక్కర్లేని పని చేయడమో, కావాల్సిన పని చేయకపోవడమో జరిగి ఉంటుంది.

లెన్సు గురించీ షట్టరు గురించీ చెప్పేవాళ్లు బోలెడుమంది. రీలు జరగడం గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే పాత కెమెరాతో ఫోటో దక్కడమా పోవడమా అన్నది లెన్సు కన్నా దీని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

ముందు అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. మనకు బాగా అలవాటైన 35 మి.మీ. ఫిలింతో ఈ గొడవ లేదు. దాని రెండు అంచుల్లోనూ వరుసగా చిల్లులు ఉంటాయి, కెమెరా లోపల పళ్ల చక్రం ఆ చిల్లుల్లో దిగి తిరుగుతుంది, ఎనిమిది చిల్లులు జరిగితే ఒక ఫ్రేము, అంటే 38 మి.మీ., అక్కడ లాక్ పడుతుంది. ఫిలిం మందంగా ఉన్నా పలచగా ఉన్నా, మొదటి ఫోటో అయినా ముప్పై ఆరో ఫోటో అయినా లెక్క ఒకటే. ఎక్కడ ఆగాలో ఫిలిమే చెబుతుంది.

120 రీలుకు ఒక్క చిల్లు కూడా ఉండదు. రమారమి 61 మి.మీ. వెడల్పు, 80 సెంటీమీటర్ల పైచిలుకు పొడవు ఉన్న నున్నటి ఫిలిం, దాని వెనక పొడవునా ఒక కాగితం. కాగితం ఫిలిం కన్నా బాగా పొడుగు, ముందొక తోక, వెనకొక తోక. ఆ తోకలు చుట్టుకుని ఉండబట్టే పగటి వెలుతుర్లో రీలు వేయగలుగుతున్నాం, తీయగలుగుతున్నాం. ఇంకో సంగతి చాలామంది గమనించరు: ఫిలింను కాగితానికి ఒక్క మొదటి కొస దగ్గరే టేపుతో అంటిస్తారు, రెండో కొస వదులుగానే ఉంటుంది. రెండు వైపులా అంటిస్తే, చుట్టేటప్పుడు లోపలి పొరకూ బయటి పొరకూ పొడవులో వచ్చే తేడా వల్ల ఫిలిం మధ్యలో ఉబ్బిపోతుంది. ఈ మొదటి కొస దగ్గరి టేపుతో తర్వాత చాలా పని ఉంది, గుర్తుపెట్టుకోండి.

చిల్లులు లేని ఈ ఫిలింను జరపాలంటే ఉన్న దారి ఒక్కటే, ఖాళీ స్పూలును, అంటే రీలు చుట్టుకునే కండెను, తిప్పి దాని మీదికి చుట్టుకోవడం. అలాంటప్పుడు ఒక ఫోటోకు ఇన్ని చుట్లు అని లెక్క పెట్టుకుని తిప్పితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. వెంకటగిరి నేతగాళ్లకు ఇది విడమరిచి చెప్పే పని లేదు, నేసిన బట్ట చుట్టుకునే కర్ర లావయ్యేకొద్దీ ఒక్కో చుట్టుకు ఎక్కువ బట్ట పోతుంది. స్పూలుదీ అదే వ్యవహారం.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మందాలు బ్రాండును బట్టి మారతాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే అనుకోండి. 120 స్పూలు మధ్య కడ్డీ వ్యాసం 12 మి.మీ. దగ్గర్లో ఉంటుంది. కాగితం తోక దాని మీద చుట్టుకుని మొదటి ఫోటో వచ్చేసరికి అది 14 మి.మీ. అవుతుంది, అంటే ఒక చుట్టుకు 44 మి.మీ. ఫిలిం జరుగుతుంది. చదరం ఫోటోకు, గుర్తుకీ గుర్తుకీ మధ్య దూరం 63 మి.మీ. దాకా కావాలి కాబట్టి మొదట్లో ఒక ఫోటోకు దాదాపు ఒకటిన్నర చుట్టు తిప్పాలి. పన్నెండో ఫోటో దగ్గరికి వచ్చేసరికి స్పూలు 19 మి.మీ. దాకా లావెక్కుతుంది, ఒక్క చుట్టుకే 60 మి.మీ. జరుగుతుంది. ఇంచుమించు ఒక చుట్టు చాలు. అదే తెలియక చివరిదాకా ఒకటిన్నర చొప్పున తిప్పుకుంటూ పోతే ఫోటోల మధ్య ఖాళీలు పెరిగి పెరిగి పన్నెండు కాస్తా పదో, అంతకన్నా తక్కువో అవుతాయి. మొదటి నుంచీ ఒక్కో చుట్టే తిప్పితే మొదటి ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. గత నూట పాతికేళ్లలో వచ్చిన రోలు ఫిలిం కెమెరాలన్నీ ఈ ఒక్క చిక్కుకు తలా ఒక జవాబు చెప్పినవే.

వీటిలో పాతదీ, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ ఎర్ర కిటికీ. 1888లో వచ్చిన మొదటి కొడాక్‌లో వంద ఫోటోల రీలు కంపెనీ వాళ్లే వేసి ఇచ్చేవాళ్లు, అయిపోయాక కెమెరాను కెమెరాగానే అమెరికాలో కంపెనీ ఉన్న రోచెస్టర్‌కు పంపాలి. రీలును మన చేత్తో మనం పగటిపూట మార్చుకోవడం సాధ్యమైంది బోస్టన్‌కు చెందిన శామ్యూల్ టర్నర్ ఆలోచన వల్ల. ఫిలిం వెనక నల్ల కాగితం పెట్టి, దాని మీద అంకెలు అచ్చేసి, కెమెరా వీపున చిన్న ఎర్ర అద్దం బిగించి, అందులో అంకె కనబడగానే ఆపమన్నాడు. 1892లో ఆయన బుల్స్ ఐ కెమెరా ఆ పద్ధతితోనే వచ్చింది. కొడాక్ అధినేత ఈస్ట్‌మన్ ఆ విలువ పసిగట్టి 1895లో ఆ కంపెనీనే కొనేశాడు. 1901లో బ్రౌనీ 2 కెమెరా కోసం కొడాక్ తెచ్చిన రీలే మనం ఇప్పటికీ వాడుతున్న 120.

ఈ పద్ధతి గొప్పతనం ఏమిటంటే ఇక్కడ చుట్లు ఎన్ని తిరిగాయన్న ప్రశ్నే లేదు. స్పూలు లావైందా, ఫిలిం పలచనా, నాబ్ అరిగిందా, ఇవేవీ దానికి పట్టవు. కాగితం మీద 5 అనే అంకె ఎక్కడుందో ఐదో ఫోటో అక్కడే పడుతుంది. కొలత కాగితం మీదే అచ్చై ఉంది, మనం కళ్లతో చదువుతున్నాం, అంతే. అరిగిపోవడానికి లోపల ఒక్క పళ్ల చక్రం లేదు. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్లు తయారుచేసిన ఆగ్ఫా క్లిక్ 3 మన దగ్గర ఇన్ని ఇళ్లల్లోకి రావడానికి దాని ధర ఒక కారణమైతే, ఇన్నేళ్ల తర్వాత కూడా అందులో రీలు చక్కగా జరగడానికి కారణం ఈ కిటికీ. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు 'ఇందు' పేరుతో చేసిన రీలు వేసినా, తూర్పు జర్మనీ నుంచి వచ్చిన ఓర్వో వేసినా దానికి ఒకటే.

ఎరుపే ఎందుకంటే, అప్పటి ఫిలింకు ఎరుపు రంగు కనబడదు. డార్క్ రూములో ఎర్ర బల్బు పెట్టుకున్నట్టే కెమెరా వీపున ఎర్ర అద్దం పెట్టారు, వెలుతురు కాస్త లోపలికి పోయినా ఫిలిం పాడవదు. తర్వాత వచ్చిన పాంక్రోమాటిక్ ఫిలింకు ఎరుపు కూడా కనబడుతుంది. అక్కడి నుంచి రక్షణ బాధ్యత అద్దం రంగుది కాకుండా వెనకున్న కాగితానిదైంది, చాలా కెమెరాల్లో కిటికీకి జరిపే మూత వచ్చింది. ఇప్పుడు మనం వేసే ఫిలింలు దాదాపు అన్నీ పాంక్రోమాటిక్కే. కాబట్టి మూత ఉంటే రీలు తిప్పేటప్పుడు తప్ప తెరవకండి. మూత లేని కెమెరా అయితే కిటికీ మీద ఒక నల్ల టేపు ముక్క అంటించి, తిప్పే ముందు లేపి, అయ్యాక మళ్లీ వేసేయండి. మైపాడు బీచిలో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి కిటికీని సూర్యుడి వైపు పెట్టి తీరిగ్గా అంకె వెతికితే, కాగితం ఎంత మంచిదైనా ఫోటో మధ్యలో గుండ్రటి మచ్చ పడే ప్రమాదం ఉంది. వీపు ఎండకు పెట్టి నిలబడి, కెమెరాను ఒంటి నీడలోకి తెచ్చుకుని, మూత తీసి తిప్పితే ఏ టెన్షనూ లేదు.

కాగితం మీద అంకెలు ఒక వరుస కాదు, మూడు వరుసలు. కొత్తగా వచ్చేవాళ్లు తడబడేది ఇక్కడే. ఒక అంచున 1 నుంచి 8 దాకా ఉంటాయి, అవి 6×9 (సెంటీమీటర్లలో ఫోటో సైజు) ఫోటోలకు. మధ్యలో 1 నుంచి 12, అవి 6×6 చదరం ఫోటోలకు. ఇంకో అంచున 1 నుంచి 16, అవి 6×4.5 ఫోటోలకు. ఏ కెమెరాకు ఏ వరుస కావాలో ఆ వరుస ఎదురుగానే దాని కిటికీ ఉంటుంది. అందుకే చదరం ఫోటోలు తీసే క్లిక్ 3లో మధ్య వరుస అంకెలు కనబడతాయి. కొన్ని కెమెరాల్లో రెండు సైజులు తీసుకునే వీలుండి, రెండు కిటికీలు ఉంటాయి. అక్కడ 6×9 తీస్తూ పొరపాటున మధ్య కిటికీ చూసి తిప్పారనుకోండి, ఫోటో పొడవు 84 మి.మీ. అయితే ఫిలిం జరిగేది 63 మి.మీ. దాకానే. ప్రతి ఫోటోలో పావు వంతు పక్క ఫోటో మీదికి ఎక్కుతుంది. నెగటివ్‌లో అన్ని ఫోటోలూ సమానంగా ఎక్కి ఉంటే ముందు అనుమానించాల్సింది ఈ కిటికీనే.

ఈ మూడు వరుసలు మొదటి నుంచీ లేవు. 120 వచ్చిన కొత్తలో 6×9 అంకెలే ఉండేవి. తర్వాత సగం సైజు ఫోటోల కెమెరాలు వచ్చాయి, కాగితం మీద వాటికి అంకెలు లేవు, అప్పుడు తయారీదారులు ఒకే వరుస మీద రెండు కిటికీలు పెట్టారు. 1 అనే అంకె మొదటి కిటికీలో కనబడితే ఒక ఫోటో, అదే 1ని రెండో కిటికీలోకి తెచ్చి ఇంకో ఫోటో. ఆ తర్వాత 2, మళ్లీ అలాగే. ఎనిమిది అంకెలతో పదహారు ఫోటోలు. '127' అనే రకం రీలు వేసే చిన్న కెమెరాల్లోనూ ఈ పద్ధతి కనిపిస్తుంది. ఎవరైనా పాత జర్మన్ మడత కెమెరా తెచ్చి "దీనికి రెండు కళ్లెందుకు" అని అడిగితే, ముందు ఆ రెండూ ఒకే వరుస మీద ఉన్నాయా, వేరు వేరు వరుసల మీద ఉన్నాయా చూడండి. ఒకే వరుస మీదుంటే ప్రతి అంకెనూ రెండుసార్లు వాడాలి. వేరు వేరు వరుసలైతే రెండు సైజుల కెమెరా.

కిటికీ కెమెరాలో రీలు తిప్పే తీరు గురించి నాలుగు మాటలు. 1 రావడానికి ముందు కాగితం మీద గీతలో చుక్కలో గుండ్రాలో వస్తాయి, బ్రాండును బట్టి. అంకె దగ్గరకొచ్చిందని చెప్పేవి అవే, అవి కనబడగానే వేగం తగ్గించాలి. అంకె కిటికీ మధ్యలో ఉండాలి. రెండు మూడు మి.మీ. దాటిపోతే వెనక్కి తిప్పాలని చూడకండి, చాలా నాబ్‌లు వెనక్కి తిరగవు, తిరిగినా స్పూలు మీద చుట్టు వదులై అంచుల నుంచి వెలుతురు కొడుతుంది. ఫోటోకూ ఫోటోకూ మధ్య ఐదారు మి.మీ. ఖాళీ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ రెండు మి.మీ. వల్ల నష్టమేమీ లేదు. మడత కెమెరా అయితే ముందు తెరిచి, ఆ తర్వాతే రీలు తిప్పాలి. తెరిచేటప్పుడు బెలోస్ (లెన్సు వెనక మడతలుగా ఉండే తిత్తి) గాలిని లాగుతుంది, ఆ లాగుడుకు ఫిలిం ముందుకు ఉబ్బుతుంది. తెరిచాక తిప్పితే ఫిలిం బిగుసుకుని చదునుగా కూర్చుంటుంది, ఫోకస్ బాగుంటుంది.

ఈ పద్ధతికి ఒక లోటుంది, అది మామూలు లోటు కాదు. రీలు జరపడానికీ షట్టరు నొక్కడానికీ మధ్య సంబంధం లేదు. జరపడం మర్చిపోయి మళ్లీ నొక్కితే రెండు ఫోటోలు ఒకే చోట పడతాయి. జరిపానో లేదో అని అనుమానమొచ్చి ఇంకోసారి తిప్పితే ఒక ఫ్రేము ఖాళీగా పోతుంది. కొన్ని మడత కెమెరాల్లో దీనికి విరుగుడుగా ఒక లాక్ పెట్టారు, ఒకసారి నొక్కాక రీలు కొంచెమైనా జరగనిదే మీట మళ్లీ కదలదు. కానీ ఆ లాక్ "జరిగిందా" అని చూస్తుందే గానీ "సరిగ్గా అంకె దాకా జరిగిందా" అని చూడదు, ఆ తేడా తెలిసి ఉండాలి. ఇంకా ముఖ్యమైనది వేగం. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జనంలో నిలబడి, ఒక ఫోటో తీసి, కెమెరా తిరగేసి, మూత తీసి, అంకె వెతికి, మూత వేసి, మళ్లీ కన్ను పెట్టేసరికి రొట్టె చేతులు మారిపోయి ఉంటుంది. పత్రికల వాళ్లూ పెళ్లిళ్లు తీసేవాళ్లూ ఇంతకన్నా వేగంగా పనిచేసేదాన్ని అడిగారు. అక్కడి నుంచే తనంతట తాను ఆగే కెమెరాలు వచ్చాయి.

తనంతట తాను ఆగాలంటే కెమెరాకు రెండు విషయాలు తెలియాలి. ఫిలిం ఎక్కడ మొదలైంది, అక్కడి నుంచి ఎంత జరిగింది. ఈ రెంటినీ విడివిడిగా చూస్తే అన్ని రకాల కెమెరాలూ తేలిగ్గా అర్థమవుతాయి.

మొదలు తెలుసుకోవడానికి మూడు దారులున్నాయి. మొదటిది సగం సగం: 1 అంకె దాకా ఎర్ర కిటికీలో చూసి మనమే తెస్తాం, అక్కడ కౌంటరును 1 మీద పెడతాం, ఆ తర్వాత కిటికీతో పని లేదు, కెమెరా చూసుకుంటుంది. 1932 నాటి రోలీఫ్లెక్స్ ఇలాంటిదే, జైస్ సూపర్ ఐకోంటా బి కూడా ఇంతే, హాసెల్‌బ్లాడ్ కెమెరా వెనక తగిలించే ఫిలిం పెట్టె, పాత 12 మ్యాగజైను కూడా. రెండోది బాణం గుర్తు: కాగితం మొదట్లో అడ్డంగా ఒక బాణం గీత ఉంటుంది, దాన్ని కెమెరా లోపలి చుక్కలకు ఎదురుగా తెచ్చి ఆపి, వెనక తలుపు మూసి తిప్పితే 1 దగ్గర అదే ఆగుతుంది. మన స్టూడియోల్లో ఎక్కువగా కనబడిన యాషికా మ్యాట్‌లు ఈ కోవలోవే. యాషికాలన్నీ ఒకటే అనుకోకండి, యాషికా ఎ ఎర్ర కిటికీ రకం, యాషికా డి బయటికి దానిలాగే ఉన్నా తనంతట తాను ఆగుతుంది.

మూడోది 1937లో రోలీఫ్లెక్స్ ఆటోమాట్ తెచ్చిన పద్ధతి. ఇందులో కిటికీ లేదు, బాణం చూడక్కర్లేదు. ముందు చెప్పిన టేపు గుర్తుందా? కాగితం కింది గదిలోంచి బయటికి వచ్చే చోట రెండు రోలర్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, కాగితం ఆ రెంటి మధ్య నుంచి పోవాలి. ఉత్త కాగితం పోతున్నంతసేపూ అవి కదలవు. ఫిలిం కొస, దాని మీది టేపు వచ్చేసరికి మందం పెరిగి రోలరు రవ్వంత పక్కకు జరుగుతుంది. ఆ రవ్వంత జరగడంతో లోపల లెక్క మొదలవుతుంది. వేలికి కూడా సరిగ్గా తెలియని మందాన్ని పట్టుకునే ఈ ఏర్పాటు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కందుకూరులో ఒక పాత స్టూడియో ఆయన ఉన్నారు, నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన రోలీలో రీలు వేయడం చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. కొత్త రీలు కింద పెట్టి, కాగితం తోకను బొటనవేలితో చదును చేసి, ఆ రోలరు కింది నుంచి నెమ్మదిగా దూర్చి, పైన ఖాళీ స్పూలు చీలికలోకి ఎక్కించి, రెండు అంచులూ సమానంగా ఉన్నాయో లేదో చూసి అప్పుడు గానీ తలుపు వేయరు. "అబ్బయ్యా, ఈ రోలరు కింద నించే పోవాల. పైన నించి పోనిచ్చావా, అది జన్మలో ఒకటి చూపించదు, నువ్వు తిప్పతా ఉంటావు, అది పోతా ఉంటది" అంటారు. మొదట్లో నేను చెప్పిన, ఆగకుండా తిరిగిపోయిన రీళ్లలో చాలావాటి కథ ఇదే. రోలర్ల మధ్య నుంచి పోకపోతే మందం తెలుసుకునేవాళ్లు లేరు, మందం తెలియకపోతే లెక్క మొదలవదు, లెక్క మొదలవకపోతే ఆపేదెవరు?

ఇక రెండో ప్రశ్న, ఎంత జరిగింది. ఒక దారి స్పూలు తిరిగిన తిరుగుళ్లను లెక్కపెట్టడం. చుట్టు లావయ్యేకొద్దీ తక్కువ తిప్పాలని ముందే తెలుసు కాబట్టి, లెక్కపెట్టే చక్రం మీద గంట్లు సమాన దూరంలో కాకుండా ఒకటికి ఒకటి దగ్గరయ్యేలా కోస్తారు. మొదటి ఫోటోకు ఎక్కువ తిరుగుడు, చివరి ఫోటోకు తక్కువ. ఇంకో దారి ఫిలిం దారిలో ఒక కొలత రోలరు పెట్టడం. ఫిలిం దాని మీద రాసుకుంటూ పోతే ఆ రాపిడికి అది తిరుగుతుంది, ఇంత తిరిగితే ఇన్ని మి.మీ. స్పూలు లావుతో దానికి సంబంధం లేదు, ఆ మాటకొస్తే ఇదే న్యాయమైన కొలత. కాకపోతే దాని ప్రాణమంతా రాపిడిలోనే ఉంది. రోలరు మీద నూనె పట్టినా, ఇరుసు బిగుసుకుపోయినా, ఫిలిం దాని మీద జారుతుంది.

జారితే ఏమవుతుందో ఆలోచించండి, చాలామంది తలకిందులుగా అనుకుంటారు. రోలరు తక్కువ తిరిగింది కాబట్టి కెమెరా ఇంకా జరగలేదనుకుంటుంది, మరింత ఫిలిం పోనిచ్చి అప్పుడు ఆపుతుంది. అంటే ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, వాటి మధ్య ఖాళీ పెరుగుతుంది. చివరి ఫోటో ఫిలిం దాటి ఉత్త కాగితం మీద పడుతుంది.

తిరుగుళ్లు లెక్కపెట్టే కెమెరాలకు ఇంకో రకం జబ్బు ఉంది. ఆ గంట్లు కోసింది అప్పటి ఫిలిం, అప్పటి కాగితం మందాన్ని బట్టి. ఇప్పటి ఫిలిం పలచన అయితే స్పూలు అనుకున్నంత లావెక్కదు, ఒక్కో చుట్టుకు అనుకున్నంత ఫిలిం జరగదు. మొదట్లో తేడా పెద్దగా కనబడదు, పోనుపోను ఫోటోలు దగ్గరై చివరికి ఒకదాన్నొకటి తాకుతాయి. దీనికి పాతవాళ్ల వైద్యం ఒకటుంది, భేషుగ్గా పనిచేస్తుంది: రీలు వేసే ముందు ఖాళీ స్పూలు కడ్డీకి పలచటి కాగితం గానీ టేపు గానీ రెండు మూడు చుట్లు చుట్టి కాస్త లావు చేయడం. కెమెరా విప్పే పనే లేదు. సూపర్ ఐకోంటా బి చేసినవాళ్లు ఈ దగ్గరయ్యే భయానికేనేమో అనిపించేంత ఖాళీ వదిలి, పన్నెండుకు బదులు పదకొండు ఫోటోలే ఇచ్చారు. పదకొండే వచ్చాయని దాన్ని రిపేరుకు ఇవ్వకండి, అది దాని పద్ధతి.

పెంటకాన్ సిక్స్ కూడా ఫోటోలు ఎక్కడంలో పేరుమోసిందే. దాని లివరు చివరిదాకా లాగి, వదిలేయకుండా, వేలితోనే నెమ్మదిగా వెనక్కి తీసుకురావాలి. టప్పున వదిలితే లోపలి లెక్క అదురుతుంది.

ఇక 1965లో 220 అని ఇంకో రీలు వచ్చింది. కాగితం మొదట్లోనూ చివర్లోనూ మాత్రమే ఉంటుంది, మధ్యలో ఫిలిం ఒక్కటే, అందుకని అదే స్పూలులో రెట్టింపు పొడవు పట్టింది. వెనక కాగితం లేదంటే అంకెలూ లేవు, వెలుతురుకు అడ్డమూ లేదు. ఎర్ర కిటికీ కెమెరాలో అది వేస్తే మొత్తం పోయినట్టే. పాత స్టాకు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే డబ్బా మీద అంకె చూసుకోండి. 620 సంగతి వేరు, ఫిలిమూ కాగితమూ 120వే, స్పూలు మాత్రం సన్నం. 1930ల మొదట్లో కొడాక్ తెచ్చి, 1995 ప్రాంతంలో ఆపేసింది. 620 కెమెరా దొరికితే చీకట్లో 120 రీలును పాత 620 స్పూలు మీదికి ఎక్కించుకుని వాడుకోవచ్చు, కాబట్టి అందులో వచ్చిన ఆ ఖాళీ స్పూలును ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకండి.

మీ చేతికొచ్చిన కెమెరాలో లోపం ఏమిటో తెలుసుకోవడానికి అన్నిటికన్నా మంచి సాక్ష్యం కడిగిన నెగటివే. ఒక చవక రీలు దీనికని కేటాయించి, పన్నెండూ తీసి, కడిగించి, ముక్కలు చేయకుండా పొడవుగా ఉంచమని చెప్పండి (స్టూడియో వాళ్లు అలవాటుకొద్దీ కత్తిరించేస్తారు, ముందే చెప్పాలి). ఇప్పుడు స్కేలు పెట్టి ఫోటోల మధ్య ఖాళీలు కొలవండి. ఖాళీలన్నీ సమానంగానే ఉండి మొదటి ఫోటో మాత్రం సగం టేపు మీద పడితే, బాణం గుర్తును చుక్కల దాకా తేకుండానే తలుపు వేశారు. ఖాళీలు సమానంగానే ఉండి చివరి ఫోటో తెగిపోతే, బాణం చుక్కలు దాటిపోయింది. ఖాళీలు వరుసగా తగ్గుకుంటూ పోతే ఫిలిం పలచన, స్పూలు లావు చేసే వైద్యం చేయండి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, ఏ క్రమమూ లేకుండా ఉంటే రోలరు జారుతోంది లేదా లాక్ పళ్లు అరిగాయి, అప్పుడు మాత్రం మెకానిక్ కావాలి. ఫోటో మీద ఫోటో పూర్తిగా ఎక్కి, మధ్యలో ఇంకెక్కడో ఒక ఖాళీ ఫ్రేము ఉంటే కెమెరాకు ఏ జబ్బూ లేదు, తిప్పడం మర్చిపోయారు.

కెమెరాను నమ్మలేని స్థితిలో ఉంటే నా సలహా ఎప్పుడూ ఎర్ర కిటికీ వైపే. మొదటిసారి పాత కెమెరా కొనేవాళ్లు కూడా తనంతట తాను ఆగేదానికి ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఒకసారి ఆలోచించుకోండి, దాని లోపలి లెక్క చెడితే దాన్ని విప్పగలిగేవాళ్లు మన జిల్లాల్లో అరుదు, మద్రాసు దాకా పోవాల్సి వస్తుంది. కిటికీ కెమెరాకు కావాల్సింది తిరిగే నాబ్, కనబడే అంకె.

అయితే ఆ అంకె కనబడటమే ఈ మధ్య కష్టమైంది. 2016 ప్రాంతంలో కొడాక్ 120 రీళ్లు కొన్నిటిలో కాగితం మీది అంకెలు ఫిలిం మీదికి అచ్చుదిగి, ఆకాశం మధ్యలో 7 అనో 8 అనో కనబడ్డాయి. కంపెనీ దాన్ని ఒప్పుకుని కాగితం మార్చింది, ఆ మార్పులో అంకెల సిరా పలచనైంది. ముదురు ఎర్ర అద్దంలోంచి ఆ పలచటి అంకెలు చూడాలంటే కళ్లు చికిలించాల్సిందే. క్లిక్ 3 లాంటివాటికి అంకెలు గట్టిగా అచ్చైన బ్రాండు ఎంచుకోవడం మంచిది. ఇల్‌ఫర్డ్ అంకెలు నాకు స్పష్టంగా కనబడుతున్నాయి.

ఇలా అచ్చుదిగడానికి వేడీ తేమా తోడైతే చెప్పక్కర్లేదు, మనకు రెండూ దండిగా ఉన్నాయి. రోహిణి కార్తెలో రీలు వేసిన కెమెరాను కారు డాష్‌బోర్డు మీద పెట్టి పోకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన రీలును కవరు విప్పకుండా గంటా రెండు గంటలు బయట ఉంచి అప్పుడు వేయండి, లేకపోతే సముద్రపు గాలికి కాగితం మీద చెమ్మ పడుతుంది. సగం తీసిన రీలును పండగ దాకా అని నెలల తరబడి కెమెరాలోనే ఉంచవద్దు.

పన్నెండో ఫోటో అయ్యాక కిటికీలో ఇంకేమీ రావట్లేదని మధ్యలో తలుపు తీయకండి. కాగితం తోక మొత్తం చుట్టుకుని నాబ్ వదులుగా తిరిగేదాకా తిప్పాలి, ఆ పైన ఇంకో రెండు చుట్లు తిప్పండి. నీడలోకి వచ్చి తలుపు తీసి, రీలును వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, తోక కొసను లోపలికి మడిచి, జిగురు పట్టీ తడిపి అంటించేయండి. చుట్టు వదులుగా అనిపిస్తే బిగించాలని తోక పట్టి లాగవద్దు, లోపల ఫిలిం కాగితంతో రాసుకుని గీతలు పడతాయి. ఉన్నదున్నట్టే వెండి కాగితంలో చుట్టి, ఆ వారంలోనే కడిగించండి. ఖాళీ అయిన స్పూలు మాత్రం కెమెరాలోనే, రెండో వైపుకు మార్చి పెట్టుకోండి, తర్వాతి రీలు చుట్టుకోవాల్సింది దాని మీదే.